నిందగా పిలువబడిన పేరు

(పల్లె సంఘముల యౌవన కూటములకును స్త్రీల కూటములకును పాఠము)

చదువవలసిన భాగములు: అపొ. కార్యములు 11:19–26, 1 పేతురు 4:12–16, యోహాను 8:48–49, లూకా 10:25–37, 1 కొరింథీయులకు 8:7–13.



ఈ మధ్య మన సంఘములలోని యౌవనులు కొందరు తమ పేరు చివర కులము పేరు వ్రాసికొనుచున్నారు. పెండ్లి శుభలేఖలలోను, ఫోనులో తమ ఫోటో క్రిందను “మాదిగ” అనియు “మాల” అనియు పెట్టుకొనుచున్నారు. పెద్దలు కొందరు దీనిని చూచి నొచ్చుకొనుచున్నారు. “ఏ పేరుతో ఊరివారు మనలను తిట్టిరో, ఏ పేరు వదలించుకొనుటకు మన తాతలు ఇన్ని పాట్లు పడిరో, ఆ పేరే మరల తగిలించుకొనుట ఏమి?” అని వారి ప్రశ్న. “రెడ్డి అనియు చౌదరి అనియు వ్రాసికొనువారిని ఎవరును అడుగరు గదా, మమ్ములనేల అడుగుదురు?” అని పిల్లల ప్రశ్న. రెండును న్యాయమైన ప్రశ్నలే. వీటికి తొందరపడి ఒక్క మాటలో జవాబు చెప్పుట మంచిది కాదు. తిట్టుగా వాడబడిన పేరును తిరిగి గౌరవముగా ధరింపవచ్చునా? ధరింపవచ్చుననినచో, దానిని పలుకు అధికారము ఎవరికి గలదు? ఈ నెల పాఠములో ఈ రెండు సంగతులు ఆలోచింతము.

ఈ పేర్లను అచ్చులో వ్రాయుచున్నాను గనుక నేనెవరినో ముందుగా చెప్పుట న్యాయము. నేను మాదిగ ఇంట పుట్టినవాడను. ఆ పేరును నా విషయమై నేను వ్రాయుదును. ఇతరుల పేర్లను ఏ హక్కుతో వ్రాయవచ్చునో ఈ పాఠములోనే ముందుకు చూడగలరు.

1. “క్రైస్తవుడు” అను పేరు ఎవరు పెట్టిరి?

మొదటి శిష్యులు తమను తాము క్రైస్తవులని పిలుచుకొనలేదు. శిష్యులనియు, సహోదరులనియు, ఈ మార్గమందున్నవారనియు చెప్పుకొనిరి. అంతియొకయలో బయటివారు వారికి ఆ పేరు పెట్టిరి. హేరోదు పక్షమువారిని హేరోదీయులు అన్నట్లే, వీరిని క్రీస్తు పక్షమువారని పిలిచిరి. క్రొత్త నిబంధన అంతటిలో ఈ పేరు మూడుసార్లే కనబడును. మొదట అంతియొకయ వీధులలో; తరువాత బంధకములలో నున్న పౌలు ఎదుట అగ్రిప్ప రాజు నోట; చివరకు పేతురు పత్రికలో. మొదటి రెండుసార్లు ఆ పేరు బయటివారిది. మూడవసారి మాత్రమే అది లోపలివారి నోట వినబడుచున్నది. ఆ పేరునుబట్టి బాధపడువాడు సిగ్గుపడనక్కరలేదనియు, ఆ పేరుతోనే దేవుని మహిమపరచవచ్చుననియు పేతురు బోధించుచున్నాడు.

ఇందులో గమనింపదగిన సంగతి యొకటి గలదు. ఈ మాట వ్రాసినవాడు ఒడ్డున కూర్చుండి సలహా చెప్పినవాడు కాడు. తానును ఆ పేరునుబట్టి దెబ్బలు తిన్నవాడు. అగ్రిప్ప ఆ పేరును ఎంత మర్యాదగా పలికినను దానికి క్రొత్త అర్థము తేలేడు. దెబ్బ తిన్నవాడు తలయెత్తి “అవును, నేను అదే” అనినప్పుడు ఆ పేరు మారెను.

మన పల్లెలలోను ఇట్టిదే జరిగెను. “కిరస్తానీ” అని మూతి విరిచి పలుకుట మనలో పెద్దవారందరును వినియే యున్నారు. “మాల మతము”, “మాదిగ దేవుడు” అను మాటలును విన్నారు. ఒంగోలు ప్రాంతమున క్లౌ దొరగారి కాలములో నడచిన సంగతి మిషను చరిత్రలో ప్రసిద్ధము. యెర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మము పొందిన తరువాత మాదిగలు గుంపులుగా రాసాగిరి. అది చూచి పై కులములవారు, వీరిని చేర్చుకొనినచో మేము రామనిరి. ఆ రాత్రి దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో బైబిలు తెరువగా ఇద్దరికిని ఒకే భాగము, 1 కొరింథీయులకు 1:26 మొదలుకొని, కనబడెనట. లోకము తక్కువగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకొనుట అందులోని సంగతి. మాదిగలకు తలుపు మూయలేదు. 1878 జూలైలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. “మాదిగ మతము” అను ఎగతాళిని ఆ సంఘము తప్పించుకొనజూడలేదు. దానిని భరించి నిలిచెను.

2. సమరయుడవని ప్రభువును తిట్టిరి

యోహాను 8:48లో యూదులు ప్రభువును రెండు మాటలతో తిట్టిరి. సమరయుడవనిరి, దయ్యము పట్టినవాడవనిరి. తరువాతి వచనమును నెమ్మదిగా చదువుడి. దయ్యము పట్టినవాడను కానని ఆయన ఖండించెను. సమరయుడను కానని మాత్రము చెప్పలేదు. పుట్టుకను బట్టి ఆయన సమరయుడు కాడు గదా! “నేను యూదుడను, దావీదు వంశస్థుడను” అని చెప్పుట ఎంత సులభము! అట్లు చెప్పినచో సమరయుడగుట నిజముగా అవమానమే అని ఒప్పుకొన్నట్లగును. దారిన పోవు ఏ సమరయుడైన ఆ మాట వినినచో అతని మనస్సు ఏమగును? ప్రభువు ఆ తిట్టును తోసివేయలేదు; తానుగా దానిని ఎవరిమీదను వాడలేదు.

లూకా 10లో ఇంకొక సంగతి యున్నది. కథ చెప్పిన తరువాత, పొరుగువాడు ఎవడైయెనని ప్రభువు అడుగగా ధర్మశాస్త్రోపదేశకుడు “సమరయుడు” అను మాట పలుకలేదు. జాలిపడినవాడని చుట్టు తిప్పి చెప్పెను. తిట్టుటకు వాడిన మాటను మెచ్చుకొనుటకు వాడవలసివచ్చునప్పటికి నోరు తిరుగలేదు కాబోలు. మన ఊళ్ళలోను కోపము వచ్చినప్పుడు కులము పేరు సునాయాసముగా వచ్చును. మంచి చెప్పవలసివచ్చినప్పుడు “పేటలో ఒకాయన” అందురు.

3. పేరు మార్చి చూచిన కథ

నిందను తొలగించుటకు మన ఆంధ్రదేశములో మొదట త్రొక్కిన త్రోవ పేరు మార్చుట. ఒకప్పుడు మనలను కాగితములలో “పంచములు” అని వ్రాసిరి. నాలుగు వర్ణములకు వెలుపలనున్న ఐదవవారని దాని అర్థము. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ కూడెను. హైదరాబాదునుండి వచ్చిన భాగ్యరెడ్డి వర్మగారు (1888–1939) అధ్యక్షత వహించి, పంచమ వర్ణమనునది శాస్త్రములలో లేదనియు, మనము ఈ దేశపు ఆదివాసులమనియు వాదించిరి. ఆ సభయే ఆది ఆంధ్ర మహాజన సభ అని పేరు మార్చుకొనెను. 1922లో మదరాసు ప్రభుత్వము ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అను పేర్లను తన కాగితములలోనికి తీసికొనెను. మన గోదావరి జిల్లాలు అప్పుడు ఆ ప్రభుత్వము క్రిందనే యుండెను.

తరువాత గాంధీగారు “హరిజనులు” అను పేరును వ్యాప్తిలోనికి తెచ్చిరి. 1933లో ఆ పేరుతో పత్రికయు స్థాపించిరి. ఆయన ఉద్దేశము మంచిదే. అయినను ఆ పేరు మోయవలసినవారు పెట్టుకొన్నది కాదు, ఇతరులు దయతో పెట్టినది. 1938లో బొంబాయి శాసనసభలో ఆ పేరును చట్టములోనికి తెచ్చునప్పుడు అంబేద్కరుగారును ఆయన పక్షమువారును అభ్యంతరము చెప్పి సభనుండి లేచిపోయిరి. 1982లో కేంద్రప్రభుత్వము ఆ పేరు వాడవద్దని ఆదేశమిచ్చెను. 2017లో సుప్రీంకోర్టు, ఆ మాట ఈ దినములలో అవమానించుటకే వాడబడుచున్నదని చెప్పెను. దేవుని ప్రజలని అర్థమిచ్చు మాటయే తిట్టుగా మారినదన్నమాట! అయినను “హరిజనవాడ” అను బోర్డులు ఇంకను మన త్రోవలలో కనబడుచునే యున్నవి.

1972లో బొంబాయిలో దళిత పాంథర్లు “దళితుడు” అను పేరెత్తిరి. నలుగగొట్టబడినవాడని దాని అర్థము. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను చంపిన ఘోరము తరువాత కత్తి పద్మారావుగారును, మన కోనసీమ కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకంగారును మొదలైనవారు కూడి దళిత మహాసభ స్థాపించగా ఆ పేరు తెలుగునాట స్థిరపడెను. ఇది ఎవరో దయతో ఇచ్చినది కాదు. గాయపడినవారు తమ గాయమునకు తామే పెట్టుకొన్న పేరు.

నేడు ఊరివారిలో చాలమంది “ఎస్సీలు” అందురు. అది ప్రభుత్వపు జాబితా పేరు. అందులో తిట్టు ఏమియు లేదు. అయినను బడిలో, బస్సులో, టీకొట్టు దగ్గర “వాళ్ళు ఎస్సీలు” అని గొంతు తగ్గించి పలుకుట విన్నప్పుడు ఆ రెండక్షరములలోనికిని పాత విషము దిగినదని తెలియుచున్నది. నూరేండ్లలో ఇన్ని పేర్లు మారెను. పేరు మారినను నోరు మారనియెడల క్రొత్త పేరుకును పాత గతియే పట్టును.

4. పేరు మార్చక గౌరవము తెచ్చినవారు

రెండవ త్రోవ ఒకటి గలదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషను పోరాట సమితి స్థాపింపబడెను. దానిని నడిపించిన మంద కృష్ణగారు తన పేరు చివర “మాదిగ” అని చేర్చుకొనిరి. ఆయన వెంట వేలకొలది జనము అట్లే వ్రాసికొనిరి. అంతకుముందు మన జాతివాడు పట్టణమునకు చదువుకు పోయినచో ఇంటి పేరు సహితము జాగ్రత్తగా చెప్పెడివాడు. కులమడిగినచో మాట మార్చెడివాడు. శాస్త్రి, రాజు, నాయుడు అను తోకలు గౌరవముగా అచ్చుపడుచుండిన చోట మొదటిసారి ఈ పేరును అచ్చుపడెను. 2025లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చినప్పుడు ఆయనను మంద కృష్ణ మాదిగ అనియే వ్రాసెను.

ఆ ఉద్యమమునకు “దండోరా” అని పేరు. ఈ మాట మీకు తెలిసినదే. ఊరిలో ఏదైన చాటవలసివచ్చినప్పుడు డప్పు కొట్టి కేకవేయు పని మాదిగవానిది. చావుకును జాతరకును కొట్టవలసినవాడు అతడే. మా తాతగారు ఆ పని చేసినవారే. బాప్తిస్మము పొందిన తరువాత డప్పును అటకమీద పెట్టి మరల దించలేదు. ఆయనకు అది సంకెల. ఆయన చేసినది ఆయన కాలమునకు తగినదే. ఆ తరువాతి తరము అదే డప్పును చేతబట్టి, ఊరి మాట గాక తమ మాట తామే చాటించుకొనిరి. తాత దించినదానిని మనుమడు ఎత్తుకొనుటలో ఇద్దరు కోరినదియు ఒక్కటియే: ఒకరి ఆజ్ఞకు కొట్టకుండుట.

కవులును ఈ త్రోవనే నడచిరి. గుఱ్ఱము జాషువగారు (1895–1971) అశుభమని ఇంటిలోనికి రానీయని గబ్బిలమును ఏరికోరి తన కావ్యమునకు దూతగా చేసికొనిరి. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నగారు తన నాటకమునకు “పాలేరు” అనియే పేరు పెట్టిరి.

మన తెలుగు భాషయే ఈ సంగతి బాగుగా నేర్పును. మాదిగవారు అనినను మాదిగోడు అనినను మూలపదము ఒక్కటే. “వారు” చేరినచో అది ఒక జనము పేరు. “ఓడు” చేరి ముందు “ఒరేయ్” తగిలినచో అది రాయి. మరియు “మేము మాదిగలము” అనినప్పుడు ఆ మాట తన కాళ్ళమీద తాను నిలుచును. మాట ఒక్కటే, ఎవరు, ఎవరితో, ఎక్కడ నిలువబడి పలుకుచున్నారో దానినిబట్టి అది మారుచున్నది.

5. గోదావరివారందరికిని ఒక తిట్టుపేరుండెను

ఇది మన పేటల సంగతి మాత్రమే అని ఊరివారు తలంచుదురేమో. గోదావరి సముద్రమున కలియు చోట, కాకినాడ దాపున కోరంగి అను పాత రేవు గలదు. ఈ తీరమునుండి లక్షలకొలది జనము కూలికై బర్మాకు ఓడలెక్కిరి. అక్కడ తెలుగువారిని, ముఖ్యముగా రంగూను రేవులో మూటలు మోయువారిని, “కోరంగీలు” అని పిలిచిరి. మన ఊరి పేరే అక్కడ హీనమైన పేరాయెను. 1930 మేలో రేవు పనివారు జీతముల కొరకు సమ్మె చేయగా, ఆ తగవునుండి అల్లరులు పుట్టి చాలమంది మనవారు చంపబడిరి.

“కూలి” అను మాట చూడుడి. మనకు అది కష్టపడి సంపాదించిన డబ్బు. 1860 నవంబరులో మదరాసునుండి “ట్రూరో” అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది మొదలు, ఆ దేశమున భారతీయుడెవడైనను “కూలీ”యే. బారిష్టరు పరీక్ష ప్యాసయిన గాంధీగారు కూడ “కూలీ బారిష్టరు” అనిపించుకొనిరి. ఆ చెరకు తోటలలో తెలుగు విశ్వాసులుండిరి; వారికి బోధకుడుగా 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు వెళ్ళిరి. ఊరిలో కులము పేరుతో తిట్టినవాడును, తిట్టు తిన్నవాడును ఓడ దిగిన తరువాత ఒకే తిట్టు క్రింద నిలిచిరి. పరదేశమున మనకు నొప్పి కలిగించినది స్వదేశమున పొరుగువానికి నొప్పి కలిగింపదా?

అమెరికాలోని నల్లజాతివారి చరిత్రయు మనకు పనికివచ్చును. “నల్లవాడు” అనుటయే ఒకప్పుడు అక్కడ అవమానము. 1960వ దశకములో వారు ఆ మాటను గర్వముగా ఎత్తుకొనిరి, అది నిలిచెను. కాని బానిసత్వపు దినములలో పుట్టిన మరియొక తిట్టు గలదు. దానిని కొందరు యౌవనులు తమలో తాము చనువుగా, పాటలలో సహితము వాడుకొందురు. మరికొందరికి అది చెవిని పడనేరదు. 2007 జూలైలో డెట్రాయిటు పట్టణమున వారి పెద్ద సంఘమొకటి ఆ మాటకు శవపేటికతో ఊరేగింపుగా భూస్థాపన చేసెను. ఒకే జనములో రెండు మనస్సులు. అయినను ఒక్క విషయములో వారు దాదాపు ఏకీభవింతురు: బయటివాడు ఆ మాట పలుకరాదు. నేనును దానిని ఇక్కడ వ్రాయలేదు. వ్రాయకయే సంగతి మీకు బోధపడినది గదా.

6. చట్టము ఏమి చెప్పుచున్నది?

ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారముల నిరోధక చట్టము 1989లో చేయబడెను. పదిమంది చూచుచుండగా కావలెనని అవమానించుట దాని క్రింద నేరము. 2015 సవరణలో కులము పేరుతో దూషించుటను వేరుగా ఒక నేరముగా చేర్చిరి. నేరస్థుడు ఆ జాబితాలకు వెలుపలివాడైయుండవలెనని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. అనగా ఎవరు పలికిరను ప్రశ్నను చట్టమును అడుగుచున్నది.

2008లో ఉత్తరదేశపు కేసొకటి సుప్రీంకోర్టునకు వచ్చెను. తోలుపని చేయు ఒక కులము పేరుతో ఒకనిని పిలిచిరి. అది కులము పేరే గదా, తిట్టెట్లగునని ప్రశ్న పుట్టెను. నిఘంటువులో ఏమున్నదని గాక, నేడు జనులు దానిని ఏ భావముతో వాడుచున్నారో చూడవలెననియు, అవమానించు ఉద్దేశముతో పలికినచో అది నేరమేననియు న్యాయస్థానము చెప్పెను.

ఇక మనకు తగులు సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులములు హిందువులలోనే యుండవలెను, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రమున మనలను బి.సి.–సి అని వ్రాయుదురు. 2025లో మన హైకోర్టునకు ఒక పాస్టరుగారి ఫిర్యాదు వచ్చెను. తనను కులము పేరుతో దూషించి కొట్టిరని ఆయన చెప్పిరి. క్రైస్తవ మతమును ఆచరించువానికి షెడ్యూల్డు కులపు హోదా లేదు గనుక ఈ చట్టపు రక్షణ ఆయనకు వర్తించదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. తిట్టువాడు మన మతము అడిగి తిట్టడు. తిట్టు తినునప్పుడు మనము మాదిగలమే. ఫిర్యాదు వ్రాయునప్పుడు కాము. పేరును దాచుకొనినంత మాత్రాన నింద తప్పదని ఈ ఒక్క సంగతి చాలును. మన యౌవనులలో కొందరు ఆ పేరును బాహాటముగా వ్రాసికొనుటకు ఇదియు ఒక కారణమని పెద్దలు గ్రహింపవలెను.

7. ఎవరు పలుకవచ్చును?

ఇంతవరకు చూచినదానినిబట్టి కొన్ని నియమములు మనవి చేయుచున్నాను.

మొదటిది: తన పేరును తాను ధరించు హక్కు దానివలన బాధపడినవానిది. పేతురు చెప్పినది బాధపడువారితోనే. ఆ హక్కును సంఘపెద్ద గాని, పాస్టరు గాని తీసివేయరాదు.

రెండవది: ఆ హక్కు తనమట్టుకే. తన అన్న, తన తల్లి, తన ప్రక్క ఇంటివాడు ఆ పేరు వినుటకు ఇష్టపడనిచో వారిమీద వేయరాదు. విగ్రహములకు అర్పించినవాటిని తినుటకు స్వేచ్ఛ గలదని ఎరిగియు, బలహీనుడైన సహోదరుని మనస్సాక్షి నిమిత్తము పౌలు మానుకొనెను. నలుబది ఏండ్లు ఆ పేరుతో కళ్ళమునుండి గెంటబడిన వృద్ధుని యెదుట ఆ పేరును వేళాకోళముగా పలుకుట స్వాతంత్ర్యము కాదు, ప్రేమలేమి.

మూడవది: బయటివాడు ఆ పేరుతో మనిషిని పిలువరాదు. స్నేహమును చూపియు పిలువరాదు. “వాడు ఏమియు అనుకొనడు” అను మాట ఆ “వాడు” చెప్పవలెను గాని మనము చెప్పరాదు. చరిత్ర చెప్పునప్పుడు, సాక్ష్యమిచ్చునప్పుడు, ఫిర్యాదు వ్రాయునప్పుడు ఆ పేరు వ్రాయవలసిరావచ్చును. అది పిలుచుట కాదు, జరిగినదానిని చెప్పుట. నేను మాలవారి పేరును ఇక్కడ వ్రాసినది ఈ హక్కుతోనే.

నాలుగవది మిక్కిలి కష్టమైనది: ఒక తిట్టు మోసినవాడు మరియొకని తిట్టుకు యజమానుడు కాడు. మాదిగను అను పేరు నాకు గౌరవమైనంత మాత్రాన మాలవారిని గాని రెల్లివారిని గాని ఈసడించు అధికారము నాకు రాదు. మాలవారికి మాదిగలను ఈసడించు అధికారమును రాదు. కొన్నిచోట్ల మనకు గుడులు వేరు, శ్మశానములు వేరు. ఊరివారు మనయెడల చేసినది మనము ఒకరియెడల ఒకరము చేయుచున్నాము.

పోలవరము ప్రాంతమున ఈ మాట మరింత అవసరము. ప్రాజెక్టు క్రింద మునుగు గ్రామములనుండి కోయవారును కొండరెడ్లును మైదానపు కాలనీలకు వచ్చి చేరుచున్నారు. వారి పిల్లలు మన పిల్లలతోడనే బడిలో కూర్చుండుచున్నారు. తెలివిలేనివాడు, మోటువాడు అని చెప్పుటకు “కోయోడు” అను మాట మన పేటలలోను వాడుక కలదు. కోయవారు తమ భాషలో తమను “కోయతూరు” అని చెప్పుకొందురు. ఆ పేరు వారికి గౌరవము. దానిని మన పిల్లల నోట తిట్టుగా వినుచు మనము ఊరకుండరాదు. అట్లే “ఛండాలముగా ఉన్నది” అని కూర బాగులేనప్పుడును బట్ట మాసినప్పుడును అందుము. చండాలురు ఒక జనము. అంటరానివారని ఊరి వెలుపల ఉంచబడిన జనము. వారి పేరుతో మన వంటను తిట్టుకొనుట మనకు తగునా? మత్తయి 5:22లో సహోదరుని వ్యర్థుడని పిలుచుటనే ప్రభువు మహాసభకు లోనగు పాపముగా ఎంచెను. దేవుని స్తుతించు నాలుకతోనే ఆయన పోలికెగా చేయబడిన మనుష్యులను శపించుట కూడదని యాకోబు 3:9 చదువుకొనుడి.

8. పెద్దలకును పిల్లలకును

పెద్దలారా, క్రీస్తునందు కులము లేదని గలతీ 3:28 చూపి పిల్లలను గద్దించుటకు ముందు ఒక సంగతి విచారింపుడి. మన సంఘముల సభలలో రెడ్డి, నాయుడు అను తోకలు గల క్రైస్తవులను ఆ తోక కోసికొమ్మని ఎవరైన అడిగిరా? అడుగనియెడల ఆ వచనమును క్రిందివానిమీద మాత్రమే ప్రయోగించినట్లగును. పౌలు దానిని అందుకొరకు వ్రాయలేదు. అందరి తోకలను తీయించుడి, లేనియెడల అందరిని ఉండనీయుడి.

యౌవనులారా, మీ తాతలు ఆ పేరు దాచినది పిరికితనముచేత కాదు. మీరు తలయెత్తుకొని వ్రాయుటకు కావలసిన అక్షరములు వారు దాచిన ఆ కాలములోనే, వారి కూలి డబ్బుతోనే, మీకు నేర్పబడెను. వారికి నొప్పి కలుగునప్పుడు నిదానముగా కూర్చుండి చెప్పుడి. మరియు ఆ పేరును సంఘపు ఎన్నికలలో ప్రక్క పేటవారిమీద జెండాగా ఎత్తకుడి. అట్లు ఎత్తిన దినమున ఊరివారి నోట అది ఏమి చేసెనో మీ నోటను అదియే చేయును.

నా మట్టుకు నేను నా పేరు చివర ఏ కులమును వ్రాసికొనను. వ్రాసికొను పిల్లవానికి మాత్రము బల్లయొద్ద స్థలము తక్కువ చేయను. అతని శుభలేఖను గుడిలో చదివి వినిపించుటకు సందేహింపను. ఎవడైన బయటివాడు అదే పేరుతో అతనిని పిలిచి నవ్వినచో, మన సంఘమంతయు, మాలవారు మాదిగలు కోయవారు అను భేదము లేక, అతని ప్రక్కన నిలువవలెను. పోలీసు స్టేషనునకు పోవలసినచో కూడ వెళ్ళవలెను.

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. “క్రైస్తవుడు” అను పేరు నిందనుండి గౌరవమునకు ఎట్లు మారెను? ఎవరు మార్చిరి?

2. ప్రభువు తాను సమరయుడను కానని ఎందుకు చెప్పలేదు? మనమైతే ఏమి చెప్పెడివారము?

3. “హరిజన” అను పేరునకును “దళిత” అను పేరునకును గల భేదము ఏమి? పేరు ఎవరు పెట్టిరనునది ముఖ్యమా?

4. మన ఇండ్లలో ఏ జనము పేరునైన తిట్టుగా వాడుచున్నామా? ఒక్కొక్కరు ఆలోచించి చెప్పవలెను. ఈ నెలలో ఆ మాటను మానుటకు ఇంటిల్లిపాదియు తీర్మానించుకొనవలెను.

5. మీ గ్రామమునకు క్రొత్తగా వచ్చిన కోయ, కొండరెడ్డి కుటుంబములున్నయెడల, వారు తమను ఏమని పిలువగోరుదురో వారినే అడిగి తెలిసికొని రండి. వచ్చు కూటములో దానిని అందరికిని చెప్పుడి.